రాబోయే పురస్కారాన్ని నమ్ముకొని స్థలం కొనవచ్చా?

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా రాజాం. ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేశాను, వయసు 62. మా అబ్బాయి (36) కేంద్ర విద్యాసంస్థలో అసిస్టెంట్ ప్రొఫెసర్. త్వరలో భట్నాగర్ పురస్కారం వస్తుందని అతని సహోద్యోగులు అంటున్నారు. దానికి 5 లక్షల నగదు, నెలనెలా 15 వేలు ఇస్తారని మా బావమరిది చెప్పాడు. ఆ ధైర్యంతో భోగాపురం వైపు 30 లక్షల స్థలానికి 50 వేలు బయానా ఇచ్చాం, అగ్రిమెంటు మీద సంతకాలు ఇంకా కాలేదు. నా రిటైర్మెంటు సొమ్ములో 10 లక్షలు పెట్టి, మిగతా 20 లక్షలు అబ్బాయి పేరిట అప్పు తీసుకోవాలని ఆలోచన. అతను ఇప్పటి జీతంలో నెలకు ఆరు వేలకు మించి మిగల్చలేడు. సరైన నిర్ణయమేనా?

జవాబు: మాస్టారూ, మీ బావమరిది గారు చెప్పిన అంకెలు తప్పు కావు గానీ, అవి పాత పురస్కారానివి. 1958 నుంచి సీఎస్ఐఆర్ (కేంద్ర శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి) ఇస్తూ వచ్చిన శాంతి స్వరూప్ భట్నాగర్ బహుమతికి 5 లక్షల నగదుతో పాటు 65 ఏళ్లు నిండే వరకు నెలకు 15 వేల రూపాయలు ఉండేవి. దాని స్థానంలో కేంద్రం రాష్ట్రీయ విజ్ఞాన పురస్కారాలను తెచ్చింది. 45 ఏళ్ల లోపు శాస్త్రవేత్తలకు ఇచ్చే 'విజ్ఞాన్ యువ - శాంతి స్వరూప్ భట్నాగర్' పురస్కారం వాటిలో ఒకటి, 2024 ఆగస్టులో తొలిసారి ప్రదానం చేశారు. ఇందులో పతకం, ప్రశంసాపత్రం ఉంటాయి. నగదు లేదు, నెలసరి మొత్తమూ లేదు. మీ లెక్క మొత్తం ఆ 15 వేల మీదే నిలబడి ఉంది కనుక ఈ ఒక్క మార్పుతోనే అది కూలిపోతుంది.

నగదు ఉన్నా నా సలహా మారదు. వ్యవసాయం నుంచి అంతరిక్షం వరకు 13 రంగాలకు కలిపి ఏటా ఇవ్వగలిగేవి గరిష్ఠంగా 25 మాత్రమే, 2024లో ఇచ్చినవి 18. మీ అబ్బాయి ప్రతిభను నేను శంకించడం లేదు. ఎంపిక కమిటీ నిర్ణయం మన చేతిలో లేని విషయం, బ్యాంకు వాయిదా మాత్రం ప్రతి నెలా ఠంచనుగా వచ్చేది. 20 లక్షలకు 9 శాతం వడ్డీ, 15 ఏళ్ల గడువు అనుకుంటే వాయిదా సుమారు 20,285 రూపాయలు అవుతుంది, గడువు ముగిసేసరికి వడ్డీ రూపంలోనే పదహారున్నర లక్షలు కట్టి ఉంటారు. నెలకు ఆరు వేలు మిగిలే చోట ఇరవై వేల వాయిదా పెట్టుకుంటే, లోటు తీరేది మీ పెన్షన్ నుంచో, మరో అప్పు నుంచో తప్ప ఇంకెక్కడి నుంచీ కాదు.

యువ పరిశోధకులకు వచ్చే గ్రాంట్ల గురించి కూడా ఎవరైనా మీకు చెప్పవచ్చు. పరిశోధనలకు నిధులిచ్చే కేంద్ర సంస్థ అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ తొలిదశ పరిశోధకులకు మూడేళ్లలో 60 లక్షల దాకా ఇస్తుంది. అది ప్రయోగశాలకు, పరికరాలకు, సిబ్బందికి సంస్థ ఖాతా ద్వారా ఖర్చయ్యే సొమ్మే గాని ఇంటికి వచ్చేది కాదు. ఎప్పుడైనా నగదు బహుమతి వస్తే పన్ను సంగతి ముందే చూసుకోండి. ప్రజాప్రయోజనార్థం కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు నెలకొల్పిన పురస్కారాలకు 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 10(17ఎ) సెక్షన్ మినహాయింపు ఇచ్చింది, ఇతర సంస్థలు ఇచ్చే వాటికి కేంద్రం ఆమోదం ఉంటేనే అది వర్తించేది.

మీ పది లక్షల గురించి మరింత గట్టిగా చెప్పాలి. అది స్థలంలో ఇరుక్కుంటే, రేపు ఆసుపత్రి ఖర్చు వచ్చినప్పుడు సెంటు భూమి అమ్మి బిల్లు కట్టడం కుదరదు. పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ పొదుపు పథకంలో 30 లక్షల వరకు పెట్టుకోవచ్చు, గడువు ఐదేళ్లు, వడ్డీ మూడు నెలలకోసారి చేతికి వస్తుంది. మీ సొమ్ముకు అదే తగిన చోటు. అబ్బాయి ముందుగా ఆరు నెలల ఖర్చులు పక్కన పెట్టి, టర్మ్ పాలసీ (నిర్ణీత కాలానికి జీవిత బీమా) తీసుకున్నాక, ఆ ఆరు వేలతో నెలనెలా పొదుపు మొదలుపెట్టాలి.

విమానాశ్రయం పేరు చెప్పి ధర పెంచిన స్థలాలు ఆ దారి పొడవునా ఉన్నాయి, తొందరపడి కొనకపోతే మీరు పెద్దగా కోల్పోయేదేమీ లేదు. అగ్రిమెంటు మీద సంతకాలు కాలేదు గనుక, లేఔటుకు వీఎంఆర్‌డీఏ (విశాఖ మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ) ఆమోదం, రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నమోదు సంఖ్య, ముప్పై ఏళ్ల ఈసీ (స్థలం మీది లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం) చూపించమని అమ్మకందారును అడగండి. ఆ పత్రాలు చూపలేకపోతే బయానా వెనక్కి అడగడానికి మీకు గట్టి కారణమే ఉంటుంది. పత్రాలన్నీ సక్రమంగా ఉండి, అతను బయానా ఇవ్వనని భీష్మించినా, పోయేది 50 వేలు. రెండున్నర నెలల వాయిదాలతో సమానం.