పర్సు పోయిన రాత్రి 9:20కి చేసిన ఫోనే మీ సాక్ష్యం

ప్రశ్న: మాది గాజువాక. మొన్న శనివారం సాయంత్రం జగదాంబ దగ్గర బస్సెక్కాను. దిగి చూస్తే బ్యాగులో పర్సు లేదు. రాత్రి 8:55కి పెట్రోల్ బంకులో రూ.4,900, 9:10కి మద్యం షాపులో రూ.4,750 నా క్రెడిట్ కార్డు మీద పోయినట్టు మెసేజీలు వచ్చాయి. 9:20కి బ్యాంకు హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంటుండగానే 9:31కి సెల్‌ఫోన్ షాపులో ఇంకో రూ.4,600 పోయింది. 9:36కి కార్డు బ్లాక్ అయింది. మంగళవారం బ్రాంచిలో రాసిచ్చాను. ‘కార్డు పారేసుకున్నది మీరే కదా మేడమ్, కట్టాల్సిందే’ అంటున్నారు. రూ.14,250 నేనే కట్టాలా? కట్టకపోతే సిబిల్ స్కోరు పడిపోతుందని టెన్షన్‌గా ఉంది.

జవాబు: ‘కట్టాల్సిందే’ అని కౌంటర్ దగ్గర నోటిమాటగా చెబితే చెల్లదమ్మా. ఆ మాటే కాగితం మీద రాసిమ్మనండి. చాలామంది అక్కడే వెనక్కి తగ్గుతారు.

మీ ఫోన్‌లో శనివారం నాటి కాల్ లిస్టు తీసి, 9:20 కాల్, అది ఎన్ని నిమిషాలు సాగిందీ కనబడేలా స్క్రీన్‌షాట్ తీసుకోండి. రిజర్వ్ బ్యాంకు 2017 జులై 6న సర్క్యులర్‌తో తెచ్చిన నిబంధన ప్రకారం, ఖాతాదారు చెప్పిన తర్వాత పోయిన సొమ్ము బ్యాంకుదే బాధ్యత. మీరు 9:20కే లైన్లో ఉన్నారు. మిమ్మల్ని పదహారు నిమిషాలు నంబర్లు నొక్కించింది వాళ్లు. కాబట్టి 9:31 నాటి రూ.4,600 మీ నెత్తిన రుద్దడం కుదరదు.

మొదటి రెండింటి దగ్గరే పేచీ. అవి మీరు చెప్పకముందు పోయినవి. ఖాతాదారు నిర్లక్ష్యం ఉంటే అప్పటిదాకా పోయింది ఖాతాదారే భరించాలన్నది నిబంధన. అయితే ఆ సర్క్యులర్ నిర్లక్ష్యానికి ఇచ్చిన ఉదాహరణ పిన్, పాస్‌వర్డ్ లాంటివి ఇతరులకు చెప్పడం. కిక్కిరిసిన బస్సులో పర్సు పోవడం దాంతో సమానం కాదన్నది నా అభిప్రాయం. తప్పు మీదేనని రుజువు చేసే భారం కూడా బ్యాంకు మీదే. పైగా ఆ మొత్తాలు చూడండి, మూడూ ఐదు వేల లోపే. కార్డును మెషీన్‌కు తాకించి ట్యాప్ చేస్తే రూ.5,000 వరకు పిన్ అక్కర్లేదు, దొంగకు ఆ లెక్క బాగా తెలుసు. మీ పిన్ బయటికి పోలేదనడానికి అదే ఆధారం. పర్సులో పిన్ రాసిన చీటీ గానీ ఉంటే మాత్రం మీ వాదన బలహీనపడుతుంది. ఉంటే మీ లాయరు దగ్గర దాచకండి.

తప్పు బ్యాంకుదీ మీదీ కానప్పుడు, మెసేజ్ అందిన రోజు కాక మూడు పనిదినాల్లో చెబితే మీ బాధ్యత సున్నా. ఆదివారం లెక్కలోకి రాదు. మంగళవారం అంటే రెండో రోజే, గడువు దాటలేదు. చెప్పిన పది పనిదినాల్లో బ్యాంకు ఆ మొత్తాన్ని తాత్కాలికంగా వెనక్కి వేయాలి, 90 రోజుల్లో తేల్చాలి.

సిబిల్ సంగతి. బిల్లు మొత్తం ఆపేయకండి. వివాదంలో ఉన్న రూ.14,250 తీసేసి మిగతాది గడువులోపే కట్టి, అలా కట్టినట్టు బ్యాంకుకు మెయిల్ పెట్టండి. మోసమని మీరు ఫిర్యాదు చేసిన లావాదేవీల మీద, తేలేదాకా వడ్డీ, చార్జీలు వేయకూడదని కార్డుల మీద రిజర్వ్ బ్యాంకు 2022లో ఇచ్చిన ఆదేశాల్లో ఉంది.

బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. ఫీజు లేదు. అక్కడా తేలకపోతే విశాఖ జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. మీరు ఉంటున్న చోటే కేసు వేసుకునే వీలు 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఇచ్చింది.

వీటన్నిటికంటే ముందు పోలీస్ స్టేషన్‌కు వెళ్లండి. జగదాంబ మా పరిధి కాదంటే, పరిధితో పని లేకుండా ఏ స్టేషన్‌లోనైనా రాసుకునే జీరో ఎఫ్ఐఆర్ కట్టమనండి. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కూడా ఫోన్ చేయండి. బంకులో, షాపుల్లో కెమెరా రికార్డింగు కొన్నాళ్లకే చెరిగిపోతుంది. ఆ సెల్‌ఫోన్ షాపు బిల్లు మీద కొన్నవాడి నంబరు కూడా ఉండొచ్చు. పోలీసులు అడిగితేనే అవి బయటికొస్తాయి, ఇది చదివిన రోజే వెళ్లండి.