పిడికెడు బియ్యం డబ్బు

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. మాది దేవరకొండ దగ్గరి పల్లె. మా చర్చిలో స్త్రీల సమాజం లెక్కలు నేనే చూస్తాను. ఎసరు పెట్టినప్పుడల్లా ఒక్కో ఇంట్లో పిడికెడు బియ్యం పక్కకు తీసి ఆదివారం తెచ్చిస్తారు. అవి అమ్మిన డబ్బు నా దగ్గరే ఉంటుంది. పోయిన నెల బాబుకు జ్వరమొస్తే అందులోంచి 1,800 రూపాయలు వాడాను, నాలుగో రోజు పెట్టేశాను. ఎవరికీ తెలియదు. తర్వాతి ఆదివారమే పాస్టరుగారు ‘మెలకువగా ఉండండి’ అని ప్రసంగం చేశారు. అప్పటినుంచి టెన్షన్. రెండు శుక్రవారాలు ఆల్‌నైట్ ప్రార్థనకు పోయినా మనసు కుదుటపడలేదు. దీనికి తోడు పత్తి అమ్మిన పైసలు ఇంకా ఖాతాలో పడలేదు, ఏరినవాళ్లకు కూలి ఇవ్వలేదు, అదొక చికాకు. నేను చేసింది దొంగతనమా? మెలకువగా ఉండడమంటే ఏమిటి?
– ఒక సోదరి

జవాబు: చెల్లెమ్మా, నేను 31 ఏళ్లు బ్యాంకులో క్యాషియర్‌గా చేసినవాణ్ణి. ఒక సాయంత్రం లెక్కలో 500 తగ్గింది. మేనేజరుకు చెప్పడానికి నామోషీ అనిపించి, జేబులోంచి తీసి సరిచేశాను. మర్నాడు ఒక బత్తాయి రైతు వచ్చి, “సారూ, నిన్న ఒక నోటు ఎక్కువిచ్చినవ్” అని చేతిలో పెట్టాడు. తీసుకుని మళ్లీ జేబులో వేసుకున్నాను. నిన్న తగ్గలేదని రాశాను కదా, ఇవాళ వచ్చిందని ఎక్కడ రాయను? రెండు రోజుల లెక్కా సరిపోయింది, పుస్తకం మాత్రం రెండు రోజులూ అబద్ధమే చెప్పింది.

మా పనిలో తగ్గినా రాయాలి, మిగిలినా రాయాలి. క్యాష్ పెట్టెకు రెండు తాళంచెవులు, అవి ఇద్దరి దగ్గర. మీరు చేసిన పని బ్యాంకులో చేస్తే, సాయంత్రానికి తిరిగి పెట్టినా ఉద్యోగానికి ముప్పే. దొంగతనం అనే మాట నేను వాడను గానీ, ఆ డబ్బు మీది కాదు. ఈ ఆదివారం మీ నోటితోనే చెప్పండి. తీసిన తేదీ, పెట్టిన తేదీ పుస్తకంలో రాయండి. ఇకమీద లెక్కపెట్టడానికి ఇంకొకరిని తోడు అడగండి. యెరూషలేములోని పేదల కోసం పోగైన చందా విషయంలో పౌలు కూడా, ఎవరూ వేలెత్తి చూపకూడదని తన తోటి పనివాడు తీతుకు తోడు మరో ఇద్దరిని పంపాడు (2 కొరింథీ 8).

ఇక మెలకువ సంగతి. లూకా సువార్త 12లో నడుము కట్టుకుని, దీపాలు వెలిగించుకుని ఎదురుచూసే దాసుల మాట వస్తుంది. పేతురు మధ్యలో అందుకుని, ఇది మాకేనా, అందరికా అని అడుగుతాడు. దానికి ప్రభువు ఒక గృహనిర్వాహకుడి సంగతి ఎత్తుకుంటాడు. యజమాని వచ్చేసరికి అతను తలుపు వైపు చూస్తూ నిలబడి లేడు. ఇంట్లో పనివాళ్లకు వేళకు తిండి కొలిచి పెడుతున్నాడు. (ఆ అధ్యాయం మీద నేనే ఎన్నోసార్లు వాక్యం చెప్పాను, తిండి సంగతి మాత్రం రిటైరయ్యాక గాని కంటబడలేదు.)

అందుకే మీరు అడగకుండా వదిలేసిన మాట నన్ను పట్టుకుంది: కూలి. లేవీయకాండం 19లో కూలివాడి కూలి తెల్లారేదాకా నీ దగ్గర ఉంచుకోకు అని ఉంది. మీరు రెండు శుక్రవారాలు తెల్లారేదాకా కూర్చున్నారు. పైసలు పడలేదన్నది నిజమే, పత్తి అమ్మినంక ఇస్తామనడం మన దిక్కు వాడుకే. కానీ పత్తి ఏరిన ఆ ఆడవాళ్లకు కిరాణా కొట్టువాడు అంతకాలం ఆగడు. వాళ్లలో మీకు పిడికెడు బియ్యం తెచ్చిచ్చేవాళ్లూ ఉండొచ్చు. పొదుపు సంఘంలో అప్పు దొరికితే తీసుకుని సగమైనా ఇవ్వండి, మిగతాది ఏ రోజు ఇస్తారో చెప్పండి. మళ్లీ ఆ బియ్యం డబ్బులోంచి మాత్రం తీయకండి! శుక్రవారం ప్రార్థనకు పోయేలోపే వాళ్ల ఇళ్లకు వెళ్లి రండి.

బాబుకు జ్వరం తగ్గిందో లేదో రాయలేదు.