టెక్ సందేహాలు: సముద్రపు గాలికి సెన్సర్ శ్రుతి తప్పుతోంది

ప్రశ్న: నేను ఇంజినీరింగ్ చివరి సంవత్సరం విద్యార్థిని. అల్యూమినియం పూత ఉన్న 7.5 మైక్రాన్ల పాలిమైడ్ (ఒక రకం ప్లాస్టిక్) పొరను ఒకటిన్నర మిల్లీమీటర్ల రంధ్రంపై బిగించి, బుల్లి అల్ట్రాసోనిక్ సెన్సర్ తయారుచేశాను. ఏసీ ల్యాబ్‌లో 42 కిలోహెర్ట్జ్ దగ్గర చక్కగా పలుకుతోంది. సాయంత్రం ఆర్కే బీచ్‌కు తీసుకెళితే 36కు పడిపోతోంది. జిగురు ఊడుతోందా?
- మధురవాడ, విశాఖపట్నం

జవాబు: మర్నాడు ల్యాబ్‌లో మళ్లీ 42 వస్తోందా? వస్తే తప్పు జిగురుది కాదు. ఊడిన జిగురు తనంతట తాను అతుక్కోదు. మీ పొర తేమ పీల్చుకుని వదులవుతోంది. డప్పు వాయించేవారు ముందుగా దాన్ని మంట దగ్గర కాచేది ఇందుకే. తోలులోని తేమ పోతే బిగుసుకుంటుంది, నాదం పెరుగుతుంది. మీ దగ్గర అదే వ్యవహారం తిరగబడి జరుగుతోంది.

లెక్క వేసి చూద్దాం. గాలిలో తేమ ఒక శాతం పెరిగితే పాలిమైడ్ పది లక్షల్లో సుమారు 20 వంతులు సాగుతుంది. ల్యాబ్‌లో 40 శాతం, తీరాన 80 శాతం తేమ అనుకుంటే, పది వేలలో 8 వంతుల సాగుడు. అంటించేటప్పుడు మీరు పొరను పది వేలలో 30 వంతులు లాగి ఉంటే, ఆ బిగుతులో నాలుగో వంతుకు పైగా పోయినట్లే. ఇంత పలుచని పొరలో ఫ్రీక్వెన్సీ బిగుతు వర్గమూలాన్ని అనుసరిస్తుంది. 42 కాస్తా 36కు రావడానికి ఆ మాత్రం చాలు.

అనుమానం తీరాలంటే ఖరీదైన తేమ ఛాంబర్ అక్కర్లేదు. గాలి చొరబడని డబ్బాలో ఉప్పును నీటితో ముద్దలా తడిపి ఉంచండి, కొంత ఉప్పు కరగకుండా మిగలాలి. లోపలి తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది. ఇంకో డబ్బాలో మెగ్నీషియం క్లోరైడ్ ముద్ద పెడితే 33 శాతం. ఇంత చవకగా ఇంత నమ్మకమైన పరీక్ష ఇంకొకటి నాకు కనబడలేదు. ఒక్కో డబ్బాలో సెన్సర్‌ను కొన్ని గంటలు ఉంచి, 30 నుంచి 50 కిలోహెర్ట్జ్ దాకా 200 హెర్ట్జ్ చొప్పున జరుపుతూ కొలవండి. అందుకునే వైపు మరో పాలిమైడ్ సెన్సర్ పెట్టవద్దు. రెండూ కలిసి జారితే ఏది ఎంత జారిందో తేలదు. గబ్బిలాల కూతలు రికార్డు చేయడానికి వాడే రకం మెమ్స్ మైక్రోఫోన్ (చిప్ మీద తయారయ్యే బుల్లి మైక్) మేలు. బయాస్ వోల్టేజీ (పొరకు నిలకడగా ఇచ్చే వోల్టేజీ) కూడా మార్చకండి, అది పెరిగినా ఫ్రీక్వెన్సీ తగ్గుతుంది.

కారణం తేమేనని తేలితే, పాలిమైడ్ బదులు అల్యూమినియం పూసిన పాలిస్టర్ పొర వాడి చూడండి. తేమకు అది చాలా తక్కువగా సాగుతుంది. పారిలీన్ అనే మరో ప్లాస్టిక్ ఇంకా మంచిది, కానీ దానికి వ్యాక్యూమ్‌లో పూత వేసే యంత్రం కావాలి. పొర మార్చలేకపోతే ప్రోగ్రామ్ మార్చండి: ప్రతి పల్స్ తర్వాత పొర కాసేపు తనంతట తాను కంపిస్తుంది కదా, ఆ కంపనం ఫ్రీక్వెన్సీని కొలిచి తరువాతి పల్స్‌ను అక్కడే పంపండి. మీ రిపోర్టులో ప్రతి కొలత పక్కన తేమ, ఉష్ణోగ్రత రాయండి. విశాఖలో ఆ రెండూ లేని అంకెను నేనైతే నమ్మను.

ప్రశ్న: డాబా మీది ట్యాంకులో నీటి మట్టం కొలవడానికి పైన 40 కిలోహెర్ట్జ్ అల్ట్రాసోనిక్ సెన్సర్ పెట్టాను. మధ్యాహ్నం నీళ్లు వాడకపోయినా మట్టం కొన్ని సెంటీమీటర్లు పెరిగినట్లు చూపుతోంది.
- గాజువాక

జవాబు: మీ ప్రోగ్రామ్ ధ్వని వేగాన్ని సెకనుకు 343 మీటర్లుగా తీసుకుంటోంది. అది 20 డిగ్రీల నాటి వేగం. 35 డిగ్రీల దగ్గర దాదాపు 352. ప్రతిధ్వని తొందరగా తిరిగొస్తుంది కాబట్టి, సెన్సర్ నుంచి నీటికి ఉన్న మీటరున్నర దూరం 4 సెంటీమీటర్లు తక్కువగా, అంటే మట్టం అంత ఎక్కువగా కనిపిస్తుంది. ట్యాంకు లోపల, నీటికి పైనున్న గాలిలో ఒక ఉష్ణోగ్రత సెన్సర్ వేలాడదీసి, వేగాన్ని 331.3కు డిగ్రీకి 0.6 చొప్పున కలిపి లెక్కించండి.