రాన్‌కి వెళ్తున్న అమ్మలుకి

అమ్మలూ,

డిసెంబరులో గుజరాత్‌లోని ఉప్పునేల ఎడారి లిటిల్ రాన్ ఆఫ్ కచ్‌కి ఫొటోలు తీయడానికి వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. కాఠియావాడీ గుర్రాలు, అడవి గాడిదలు, అదీ ఒక్కదానివే! గర్వంగా ఉంది తల్లీ. నిద్ర మాత్రం పట్టలేదు.

కెమెరా నీకు నేర్పక్కర్లేదు. తెల్లటి ఉప్పునేల కెమెరాలో వెలుతురు కొలిచే మీటరును మోసం చేస్తుంది, ఎక్స్‌పోజరు ఒక స్టాప్, అంటే రెట్టింపు వెలుతురు, పెంచుకో. గాలిలో లెన్సు మార్చకు. ఎండెక్కాక సెగకి దూరపు బొమ్మలన్నీ వణుకుతాయి, ఎంత ఖరీదైన లెన్సయినా చేసేదేం లేదు. తెల్లారేసరికే అక్కడుండు.

కాఠియావాడీ అందమంతా చెవుల్లోనే. లోపలికి వంగి, కొసలు ఒకదాన్నొకటి తాకుతాయి. అవి నిక్కాలంటే ఎవరినైనా నీ వెనక నిలబెట్టి ప్లాస్టిక్ సంచి నలపమను. వైడ్ లెన్సుతో మొహం దగ్గరికి పోకు, ముక్కే మిగులుతుంది. వెనక కాళ్ళ వైపు అసలే పోకు, ఎంత సాధుజంతువని చెప్పినా సరే. యజమాని పూసలూ కుచ్చులూ కట్టి నిలబెడితే ముందు ఆ ఫొటో తీయి, తర్వాతే నీది. ప్రింటు పంపుతానంటే పంపి తీరాలి.

ఇక అసలు మాట. ఒకసారి నాతో వచ్చినాయన, పేరెందుకులే, దుమ్ము రేపుతూ పరిగెత్తే మంద కావాలని అడవి గాడిదల వెంట జీపు తోలించాడు. వద్దన్నాను. డ్రైవరు ఆయన మాటే విన్నాడు. మందలో ఆ వానాకాలం పుట్టిన పిల్ల ఒకటుంది. కాసేపు తల్లి డొక్కకి ఆనుకునే పరిగెత్తింది. తర్వాత వెనకబడింది. తల్లి ఆగి చూసింది, జీపు మీదికొస్తుంటే మళ్ళీ పరుగందుకుంది. పిల్ల కాళ్ళు ఎడంగా పెట్టుకుని, డొక్కలెగరేస్తూ నిలబడిపోయింది. అప్పటికి జీపు ఆపించి దూరంగా జరిగాం. చీకటి పడేదాకా తల్లి రాలేదు. ఆ ఫొటో ఎగ్జిబిషన్‌లో గోడకెక్కింది, అందరూ మెచ్చుకున్నారు. నేను దాని ముందు నిలబడలేకపోయాను.

రోగాలొచ్చి ఊడ్చేస్తే 1969 లెక్కలో 362 మిగిలిన జాతి ఈ అడవి గాడిదలది. 1973లో అభయారణ్యం చేశారు. 2024కి 7,672 అయ్యాయి. వాటిని నువ్వు తరమకు. రాన్‌లో కాస్త ఎత్తుగా ఉండి గడ్డి మొలిచే దిబ్బల్ని బేట్‌లంటారు. ఇంజను ఆపేసి ఓ బేట్‌కి దూరంగా కూర్చో. మేతకి అవే వస్తాయి.

జీపు దిగి ఒంటరిగా నడవకు. పైన పెచ్చు ఎండినట్టే ఉంటుంది, కింద బురద. ఎండమావుల్లో దిక్కు తెలీదు. గైడు లేకుండా అడుగు పెట్టావని తెలిస్తే ఊరుకోను. చిన్నప్పుడు గోదారి ఇసుకలో నా చెయ్యి విదిలించుకుని పరిగెత్తినదానివి, నీ సంగతి నాకు తెలీదా!

దూరపువి దగ్గరగా చూపే నా పాత టెలీ లెన్సు తుడిచి పెట్టాను. జీపు కిటికీ మీద లెన్సు ఆనించడానికి మీ అత్త బీన్‌బ్యాగు కుడుతోంది. అందులో పోసే బియ్యం అక్కడే కొనుక్కో, మోసుకుపోకు. ఆదివారం రా, భోజనం ఇక్కడే.

మామయ్య