వాసన పోయేదాకా నీళ్లు పోయకు

చిరంజీవి కిట్టూకి, పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు అద్దాలు కోయించి ఇంట్లోనే నాలుగడుగుల చేపల తొట్టి కట్టబోతున్నావని మీ అమ్మ నిన్న ఫోనులో ఫిర్యాదు చేసింది. "నువ్వైనా వద్దని చెప్పక్కా" అంది. ముప్పై ఏళ్లు జంతుశాస్త్రం చెప్పి, పదకొండు తొట్లు కట్టినదాన్ని, ఏ మొహం పెట్టుకుని వద్దంటాను? పైగా మన ఇంట్లో ఇంకొకడికి ఈ పిచ్చి పట్టిందని లోలోపల మురిసిపోయాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

నీ కొలతలు చూశాను. 4 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. నిండితే 255 లీటర్లు. అద్దాలే 50 కిలోలుంటాయి, ఇసుకా రాళ్లూ కలిపితే 350 కిలోల దాకా పోతుంది. దీన్ని కంప్యూటర్ బల్ల మీద పెడతానన్నావట! దగ్గరుంటే చెవి మెలిపెట్టేదాన్ని. ఇనుప స్టాండు చేయించు. మూడో అంతస్తు కాబట్టి గది నడుమ వద్దు, కింద బీము ఉన్న గోడ వారగా పెట్టు. స్టాండు సమంగా ఉందో లేదో రసమట్టం పెట్టి చూసుకుని, పైన థర్మాకోల్ పరిచి, అప్పుడు తొట్టి ఎక్కించు.

అద్దం 10 ఎంఎం తీసుకో, అంచులు సాన పట్టించు. పక్క పలకల వెడల్పులోంచి ముందూ వెనకా అద్దాల మందం 20 ఎంఎం తీసేయాలి, సిలికాన్‌కు ఇంకో రెండు మూడు ఎంఎం వదలాలి. మొదటిసారి కట్టేవాళ్లు ఇది మరిచిపోయి కొట్టుకు రెండోసారి పరుగెడతారు. ఎత్తు ఇంకో అర అడుగు పెంచుదామని ఆశపడకు. లోతు పెరిగేకొద్దీ ఒత్తిడి పెరుగుతుంది. నీ కొలతకే ముందు అద్దాన్ని లోపలి నుంచి దాదాపు 125 కిలోల బలం నెడుతుంది. ఇద్దరు మనుషులు రాత్రింబవళ్లు దానికి వీపు ఆనించి తోస్తున్నట్టు లెక్క.

అక్వేరియంకు పనికొస్తుందని రాసి ఉన్న సిలికానే కొను. బాత్రూముల్లో వాడే బూజు పట్టని రకంలో కలిపే మందు చేపలకు విషం. అతికించే అంచులను అసిటోన్‌తో తుడిచాక మళ్లీ వేలు పెట్టకు. రెండు అద్దాల మధ్య సిలికాన్ అంతా బయటికి వచ్చేలా నొక్కేయకు, పల్చటి పొర మిగలాలి. పట్టుకోవడానికి ఇంకో మనిషి తప్పనిసరి. తర్వాత వారం రోజులు దాని జోలికి పోవద్దు. ఆరేటప్పుడు వెనిగర్ వాసన వస్తుంది. మూల దగ్గర ముక్కు పెడితే ఆ వాసన తగిలినంతకాలం లోపల ఆరనట్టే.

ఈ వాసన సంగతి నాకు ఎంత బాగా తెలుసో ఇప్పుడు చెబుతాను. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

1997 డిసెంబరు. కాకినాడ రామారావుపేటలో అద్దె ఇల్లు. మీ అమ్మకు ఏడో నెల, నువ్వు కడుపులో ఉన్నావు, మా దగ్గరికి వచ్చి ఉంది. మూడడుగుల తొట్టి కట్టాం. పలకలు నేను పట్టుకున్నాను, సిలికాన్ మీ పెదనాన్న పెట్టారు. వారం ఆగుదామన్నారు. నాలుగో రోజు మా కాలేజీ వాళ్లు భోజనానికి వస్తున్నారు. ఖాళీ తొట్టి చూపించడం నాకు నామోషీ అనిపించింది. మూడో రోజు సాయంత్రం ఆయన లేని సమయం చూసి నింపాను.

కింద ఎడమ మూలలో చెమట పట్టినట్టు తడి. అప్పుడు చేయాల్సిందేమిటో నాకు తెలుసు. తొట్టి ఖాళీ చేసి, ఆ అతుకంతా బ్లేడుతో గీకేసి, శుభ్రం చేసి మళ్లీ మొదటి నుంచి పెట్టాలి. ఆరిన సిలికాన్‌కు కొత్త సిలికాన్ అంటుకోదు. తెలిసీ, నీళ్లు తోడేసి, గుడ్డతో తుడిచి, బయటి నుంచి వేలితో ఒక పూత పూశాను. పొద్దున్నే నింపి చేపలను వదిలాను. వచ్చినవాళ్లంతా మెచ్చుకున్నారు. ఒకావిడ "ఏమిటండీ పుల్లటి వాసన?" అంటే నిమ్మకాయ ఊరగాయ అన్నాను.

రాత్రి రెండు దాటాక గుడ్డ చిరిగినట్టు చప్పుడైంది. 130 లీటర్లు హాల్లోకి వచ్చేశాయి. మోటారు పెట్టిన ఎక్స్‌టెన్షన్ బోర్డు నేల మీదే ఉంది. హాల్లో పడుకున్న మీ అమ్మ మంచం దిగబోయి, ఒక కాలు కిందికి చాపింది. "కాలు తీయి! పైకెక్కు!" అని మీ పెదనాన్న అరిచిన అరుపు ఇప్పటికీ వినిపిస్తుంది. ఆయన పెరటి తలుపు గుండా చుట్టూ తిరిగి వెళ్లి మెయిను ఆపేశారు. చీకట్లో టార్చి వేస్తే గడప దగ్గర ఒక బంగారు చేప తోక కొట్టుకుంటోంది. మీ అమ్మ మోకాళ్లు దగ్గరికి లాక్కుని మంచం మధ్యలో కూర్చుని ఉంది.

తెల్లవారాక ఆయన ఆ మూలను గోటితో గీరారు. నా పూత మీగడలా ఊడి వచ్చింది. నా వైపు ఒకసారి చూశారు. అడిగినవాళ్లందరికీ "నేను సిలికాన్ సరిగ్గా పెట్టలేదండీ" అని చెప్పారు. నేను ఊరుకున్నాను. ఊరుకుంటూనే ఉన్నాను.

అందుకే మీ అమ్మ భయపడితే విసుక్కోకు. బోర్డు గోడకు, తొట్టి నీటిమట్టం కంటే పైన బిగించు. కుదరకపోతే వైరు ప్లగ్గు కంటే కిందికి జారి మళ్లీ పైకి వెళ్లేలా ఉంచు, నీటిబొట్లు అక్కడే రాలిపోతాయి. కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, పెట్టించు. ఎలక్ట్రీషియన్ అవసరం లేదంటే నాకు ఫోను చేసి అతనికి ఇవ్వు. కారుతుందేమో చూడటానికి తొట్టి నింపడం బాల్కనీలో వద్దు, బాత్రూములో మూడు రోజులు నింపి ఉంచి, కింద పొడి కాగితం పరిచి చూడు. తడిస్తే నాలా పూత పూయకు.

చేపల మాట తర్వాత. ఫిల్టర్‌లో మేలు చేసే బాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈలోగా కొని తెస్తే తిడతాను.

పలకలు పట్టుకోవడానికి స్నేహితులను పిలవకు, మేమిద్దరం గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో వస్తున్నాం. మీ పెదనాన్న అప్పుడే పాత మూలమట్టాన్ని తువ్వాలులో చుట్టి పెట్టెలో పెట్టుకున్నారు. ఈ ఉత్తరం ఆయనకు చూపించలేదు. అద్దాలు నిలబెట్టేటప్పుడు నేనే చెబుతాను. అప్పుడైతే ఆయన చేతులు ఖాళీగా ఉండవు, లేచి వెళ్లిపోలేరు.

మీ పెద్దమ్మ