జవాబు పలక లేని రోజు

పిల్లలకు శాస్త్రీయంగా ఆలోచించడం అలవాటయ్యేలా, మ్యూజియంలో చేత్తో ముట్టి చేసి చూసే పరికరాలను ఎలా తయారు చేయించాలని అడిగారు. గుంటూరులో ఒక పాఠశాల సైన్సు గదికి పరికరాలు చేయించినవాడిగా చెబుతున్నాను: ముందు జవాబు రాసిన పలకను తీసివేయండి.

మేము విజయవాడ ఆటోనగర్‌లో ఇనుప చట్రం చేయించి, దానికి చిన్న గుండును, పెద్ద గుండును మార్చి మార్చి తగిలించగల లోలకాన్ని వేలాడదీసి, ‘ఒక్కో ఊపుకు పట్టే కాలం గుండు బరువును బట్టి మారదు, పొడవును బట్టి మారుతుంది’ అని పక్కనే అందంగా రాయించాము. పిల్లలు అది చదివి, మొక్కుబడిగా ఒకసారి ఊపి వెళ్లిపోయేవారు. ఒకనాడు రంగు వెలిసిందని పెయింటరు ఆ పలకను తీసుకువెళ్లాడు. ఆ రోజే ఆరో తరగతి అమ్మాయిలు ఇద్దరు, ఒకరు ఊపులు లెక్కపెడుతుంటే మరొకరు గోడ గడియారం చూస్తూ, ముప్పై ఊపులకు పెద్ద గుండు రెండు సెకన్లు ఎక్కువ తీసుకుంటోందని తేల్చారు. తప్పని చెప్పబోయి నేనూ లెక్కపెట్టాను. వారు చెప్పినదే నిజం!

కాసేపటికి వారిలో ఒకమ్మాయి, “సార్, పెద్దది ఇంకా కిందికి దిగింది కదండీ” అంది. లోలకం పొడవును గుండు నడుము వరకు కొలవాలి. తాడు అదే అయినా, పెద్ద గుండుతో ఆ పొడవు 40 సెంటీమీటర్ల నుండి 45కు పెరిగింది. బరువొక్కటే మారుతోందనుకున్న చోట రెండూ మారుతున్నాయి. ఆ లోపం పిల్లలది కాదు, చేయించిన నాది. ఆ అమ్మాయి తాడుకు ముడి వేసి పెద్ద గుండును పైకి తెచ్చాక, తేడా పోయింది.

ఆ తరువాత రెండు లోలకాలను పక్కపక్కన పెట్టించి, బరువును, పొడవును విడివిడిగా మార్చుకునే వీలు కల్పించి, ‘ఏది మారిస్తే తేడా వస్తుందో ముందు చెప్పి, తరువాత చేసి చూడు’ అని మాత్రం రాయించాము. 1969లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎక్స్‌ప్లొరేటోరియం అనే సైన్సు మ్యూజియాన్ని స్థాపించిన ఫ్రాంక్ ఓపెన్‌హైమర్ కోరుకున్నది కూడా సందర్శకులు స్వయంగా మార్చి చూడగల పరికరాలనే. మనవారికి మాత్రం మీట నొక్కితే బల్బు వెలగడమే ప్రయోగం. అది కూడా ముఖ్య అతిథి నొక్కిన మరునాటి నుండి అద్దాల వెనుకకు చేరుతుంది.

ఆ ఇద్దరు అమ్మాయిలకు ఒక్క లోలకం దగ్గరే ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. నలభై మందిని పావుగంటలో గదంతా తిప్పి, గుమ్మం దగ్గర నిలబెట్టి ఫొటో తీసుకుని వెళ్లే ఉపాధ్యాయులకు ఈ సంగతి ఎవరైనా చెబితే బాగుండును.