ఎస్సేలు మాన్పించి కంటెంట్ రైటింగ్‌లో చేర్చాలా?

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఇంగ్లిష్‌లో ఈ టర్మంతా షార్ట్ స్టోరీలు, వాటి మీద ఎస్సేలు. ఒక్కోసారి నేనే సరిచేసి పంపుతున్నా 20కి 11 దాటడం లేదు. ఎలాగూ సైన్స్ తీసుకుంటుంది, ఎస్సేలు ఏఐ కూడా రాసేస్తోంది. ఆ సమయంలో ఆన్‌లైన్ కంటెంట్ రైటింగ్ కోర్సు చేయిస్తే నయమా? రెండిట్లో ఏది పనికొస్తుంది?
— ఒక తల్లి

జవాబు: 11 మార్కులు చూసి అమ్మాయి వెనకబడిపోతోందని కంగారు పడకండి. భాష బాగానే ఉన్న పిల్లలు కూడా ఈ తరగతిలో అక్కడే ఆగుతుంటారు. కారణం ఎక్కువసార్లు ఒకటే. కథ మీద అభిప్రాయం రాయమంటే కథ మళ్లీ చెప్పేస్తారు.

పాత ఎస్సే ఒకటి తీసి, ‘ఏం జరిగింది’ అని మాత్రమే చెప్పే వాక్యాల కింద పెన్సిల్‌తో గీతలు పెట్టమనండి. పేరాలో సగానికి మించి గీతలు పడితే మార్కులు అక్కడే పోతున్నాయి. ఇంకో గుర్తు క్రియల్లో దొరుకుతుంది. ఇంగ్లిష్‌లో కథ గురించి రాసే ఎస్సే వర్తమానకాలంలో నడుస్తుంది. క్రియలు వరసగా భూతకాలంలోకి జారాయంటే, అమ్మాయి విశ్లేషణ వదిలేసి కథలో పడిందన్నమాట.

ఫ్రెంచ్ రచయిత మపాసా 1884లో రాసిన ‘ది నెక్లెస్’ కథనే తీసుకోండి. అందులో మటిల్డా స్నేహితురాలి నగ అరువు తెచ్చుకుని పోగొట్టుకుంటుంది. అప్పు చేసి అలాంటిదే కొనిచ్చి, ఆ అప్పు తీర్చడానికి పదేళ్లు చాకిరీ చేస్తుంది. ‘అత్యాశే మటిల్డా కొంప ముంచింది’ అని క్లాసంతా రాస్తుంది. కాదనేవాళ్లే లేని మాటను రుజువు చేయడానికి ఏముంటుంది? ‘ముంచింది ఆశ కాదు, నిజం చెప్పలేకపోవడం’ అంటే వాదన మొదలవుతుంది. ఆధారమూ కథలోనే ఉంది. అరువు తెచ్చిన నగ పోయాక, దాని కొక్కెం విరిగిందని, బాగుచేయిస్తున్నామని భర్త ఆమెతో స్నేహితురాలికి ఉత్తరం రాయిస్తాడు. నిజమే రాసి ఉంటే అది నకిలీ నగ అని అప్పుడే తెలిసేది, పదేళ్ల చాకిరీ తప్పేది. ఆ ఉత్తరం దగ్గర నాలుగైదు మాటలు మాత్రమే కోట్ చేసి, వాటి మీద రెండు మూడు వాక్యాలు సొంతంగా రాస్తే ఒక పేరా అయినట్టే. చాలామంది కోట్‌తో సగం పేజీ నింపి, దాని గురించి ఒక్క మాటా రాయరు.

కథను మొదటిసారి పెన్ను పట్టకుండా చదవాలి. రెండోసారి పెన్సిల్‌తో, పాత్ర మనసు మారిన చోటు, మళ్లీ మళ్లీ కనిపించే వస్తువు గుర్తు పెట్టుకోవాలి. 40 నిమిషాల పరీక్షలో ఎనిమిది నిమిషాలు ప్లాన్‌కే పోవాలి. ప్లాన్ మానేసి ఆ ఎనిమిది మిగుల్చుకున్నవాళ్లే మూడో పేరా దగ్గర మాటల్లేక ఆగిపోతారు.

ఇక మీ సంగతి. మీరు సరిచేసి పంపితే టీచర్ చదివేది మీ వాక్యాలను. పిల్ల ఎక్కడ తడబడుతోందో ఆ టీచర్‌కెలా తెలుస్తుంది? తప్పులతోనే పంపండి. ఎర్ర సిరాతో తిరిగొచ్చిన పేరాను అమ్మాయి మళ్లీ రాయాలి, మీరు కాదు. ‘నువ్విలా అనుకోవడానికి కథలో ఏ మాట కారణం?’ అని అడగడం వరకే మీ పని.

కంటెంట్ రైటింగ్ కోర్సుల మీద నాకు అంత నమ్మకం లేదు. చాలావాటిలో శీర్షిక ఎలా పెట్టాలి, కీవర్డ్‌లు (నెట్‌లో వెతికేవాళ్లు టైప్ చేసే మాటలు) ఎక్కడ ఇరికించాలి, ఏ మూసలో పోయాలి అన్నదే పాఠం. ఏఐ అన్నిటికంటే తేలిగ్గా చేసేసే పని సరిగ్గా అదే. దాన్నే డబ్బు కట్టి నేర్పించడమేమిటి? పైగా రాత పని ఇచ్చేవాళ్లు సర్టిఫికెట్ కంటే ముందు రాసిన నమూనా చూస్తారు. ఏఐ రాసినదాంట్లో లేని సంఘటన, తప్పు కోట్ దూరితే పట్టుకోవాలన్నా మూలకథను శ్రద్ధగా చదివి ఉండాలి. సైన్స్ అంటారా, ల్యాబ్ రిపోర్టులోనూ ఇదే వరస: ఒక మాట అనడం, ఆధారం చూపడం, ఆ ఆధారం దాన్ని ఎలా నిలబెడుతుందో చెప్పడం.

అందుకే ఈ టర్మ్‌కు ఎస్సేనే ఉంచండి. కోర్సు కావాలని అమ్మాయే అడిగితే సెలవుల్లో చూద్దాం. చేర్చేముందు వాళ్లను ఒక్కటి అడగండి: పిల్లలు రాసింది ఎవరైనా చదివి, తప్పులు చూపి, మళ్లీ రాయిస్తారా? వీడియోలు చూపించి వదిలేసేదైతే ఫీజు కట్టకండి.